పాత రాస్ప్‌బెర్రీ పై మీద బడి సర్వర్: అపాచీ తీసేసి ఏది పెట్టమంటారు?

తరగతిగది · కోనసీమ · ఆదివారం రాత్రి 8:12

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మా బడిలో ఇంటర్నెట్ పేరుకే ఉంది, గట్టిగా వాన పడితే వారం రోజులు రాదు. అందుకని రెండేళ్ల క్రితం ఒక పాత రాస్ప్‌బెర్రీ పై మోడల్ బి (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) సంపాదించి, వైఫై రూటర్‌కి కేబుల్‌తో తగిలించి, పిల్లలు ట్యాబుల్లో చూసుకునేలా చిన్న సర్వర్ పెట్టాను. 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్. పాఠాల వీడియోలు, పీడీఎఫ్‌లు, ప్రతి శనివారం పది ప్రశ్నల క్విజ్ దాంట్లోనే నడుస్తాయి.

ఒక వీడియో చూసి పేజీలు పంపే వెబ్ సర్వర్ అపాచీ, సమాచారం దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, పేజీలు తయారుచేసే వర్డ్‌ప్రెస్ వేశాను. నేనొక్కణ్నే తెరిస్తే పేజీ బాగానే వస్తుంది. తొమ్మిదో తరగతి వాళ్లు 38 మంది ఒకేసారి తెరిస్తే తెల్లగా ఉండిపోతుంది. పోయిన శనివారం బోర్డు మీద పచ్చ లైటు ఆగకుండా వెలుగుతూనే ఉంది. నాకు లాగిన్ కూడా దొరకలేదు. చివరికి ప్లగ్గు పీకాను. మళ్లీ పెడితే ఎస్‌డీ కార్డు లేవలేదు. క్విజ్ మార్కులన్నీ పోయాయి. ఇద్దరు ముగ్గురికి ఆ రోజే మొదటిసారి పదికి పది వచ్చాయి. వాళ్లకి ఈ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది.

కొత్త బోర్డు కొనే పరిస్థితి ఈ ఏడాది లేదు. తేలికైన వెబ్ సర్వర్లని వెతికితే లైటీ, ఇంజిన్ఎక్స్, బిజీబాక్స్, క్యాడీ ఇలా చాలా పేర్లు వచ్చాయి. ఈ బోర్డు మీద ఏది నిలబడుతుంది?


డిగ్రీ_ఫైనల్ · గుంటూరు · ఆదివారం రాత్రి 8:25

ఇంజిన్ఎక్స్ వేసేయండి సార్. అపాచీ కంటే చాలా ఫాస్ట్. మా కాలేజీలో ప్రాజెక్టులన్నీ దాని మీదే.


పాతబోర్డు · హైదరాబాద్ · ఆదివారం రాత్రి 9:40

మాస్టారూ, కొత్త సర్వర్ పేరు చెప్పే ముందు పాతది ఎందుకు పడిపోయిందో చూద్దాం. మీరు రాసిన పచ్చ లైటే సగం సంగతి చెప్పేసింది.

ఎస్‌డీ కార్డు మీద చదవడమో రాయడమో జరుగుతున్నప్పుడు ఆ లైటు వెలుగుతుంది. ఆగకుండా వెలిగిందంటే ర్యామ్ నిండిపోయి, పట్టనిదంతా స్వాప్ రూపంలో కార్డు మీదికి పోతోందన్నమాట. ఎందుకు నిండిందో లెక్క వేయండి. 512లో గ్రాఫిక్స్‌కి 64 ఎంబీ పోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్, మైఎస్‌క్యూఎల్ కలిపి ఇంకో నూట యాభై అనుకుందాం. వర్డ్‌ప్రెస్ మోస్తున్న ఒక్కో అపాచీ ప్రాసెస్ 30, 40 ఎంబీ తింటుంది. అంటే ఏడెనిమిది ప్రాసెస్‌లకే ఇల్లు నిండింది. డెబియన్ అనే లినక్స్ రకం ఇచ్చే అపాచీ ప్రీఫోర్క్ సెట్టింగ్‌లో గరిష్ఠ పరిమితి మాత్రం 150. ఇక బ్రౌజర్ల సంగతి చూస్తే, ఒక్కో బ్రౌజర్ ఒకే సర్వర్‌కి ఆరు కనెక్షన్ల దాకా తెరుస్తుంది. 38 ట్యాబులంటే 228. అపాచీ ఒకదాని వెంట ఒకటి ప్రాసెస్‌లు పుట్టిస్తూ పోయింది, కార్డు స్వాప్ మోయలేక కూలబడింది. సరిగ్గా రాస్తున్న సమయంలో కరెంటు తీయడంతో కార్డు పాడైంది.

పెళ్లి భోజనాల్లో ఒక్కో విస్తరికి ఒక్కో మనిషిని నిలబెట్టినట్టు ఉంటుంది ప్రీఫోర్క్ పద్ధతి. ఆ మనిషి చేతిలో వర్డ్‌ప్రెస్‌ని నడిపే పీహెచ్‌పీ అనే పెద్ద గంగాళం కూడా ఉంటుంది, చిన్న బొమ్మ ఒకటి వడ్డించాలన్నా దాన్ని మోసుకునే రావాలి. లైటీ, ఇంజిన్ఎక్స్ లాంటివి బంతి వెంట ఒక్కడే నడుస్తూ, ఎవరి విస్తరి ఖాళీ అయితే వాళ్లకి వడ్డించే రకం. మనుషులు పెరిగినా వడ్డించేవాడు ఒక్కడే కాబట్టి మెమరీ పెద్దగా పెరగదు.

లైటీ అసలు పేరు లైట్‌టీపీడీ. 2003లో యాన్ క్నెష్కే అనే జర్మన్ ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. ఒకే యంత్రం మీద పదివేల కనెక్షన్లు నిలబెట్టగలమా అని అప్పట్లో నడుస్తున్న చర్చకి జవాబుగా పుట్టింది అది. యూట్యూబ్ తొలినాళ్లలో వీడియోలు పంపడానికి దాన్నే వాడారు. ఇగోర్ సిసోయెవ్ రాసిన ఇంజిన్ఎక్స్ 2004లో బయటికొచ్చింది. రెండూ అదే ఆలోచన.

ఇప్పుడు మీరు నాకు చెప్పాల్సింది ఒకటే. మీ సర్వర్లో ఉన్నవాటిలో పిల్లవాణ్ని బట్టి మారేవి ఎన్ని, అందరికీ ఒకేలా వెళ్లే ఫైళ్లు ఎన్ని?


రాగిజావ · విశాఖపట్నం · ఆదివారం రాత్రి 10:05

పాతబోర్డు గారి లెక్కతో ఏకీభవిస్తూనే ఒక దిద్దుబాటు. తప్పు అపాచీది అనేస్తే అన్యాయం అవుతుంది. అదే అపాచీని తక్కువ ప్రాసెస్‌లతో ఎక్కువ మందిని చూసే ఈవెంట్ పద్ధతిలో నడిపి, పీహెచ్‌పీని దానికోసమే ఉన్న ఎఫ్‌పీఎం అనే ప్రోగ్రామ్‌లో విడిగా పెట్టి, పరిమితి 150 నుంచి తగ్గిస్తే ఇంత దూరం వచ్చేది కాదు. 512 ఎంబీ బోర్డుకి పెద్ద యంత్రం సెట్టింగులు అలాగే వదిలేయడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది.

డిగ్రీ_ఫైనల్, తమ్ముడూ, నేను ఉద్యోగంలో రోజంతా ఇంజిన్ఎక్స్‌తోనే ఉంటాను. చాలా మంచి సర్వర్. కానీ ఈ బోర్డు మీద మామూలు ఫైళ్లు పంపడంలో దానికీ లైటీకీ తేడా పిల్లలకి తెలియదు. రెండూ కొద్ది ఎంబీల్లోనే సర్దుకుంటాయి. ఏది వేగం అని కాకుండా, ఏ కాన్ఫిగ్ ఫైల్ మాస్టారు ఎవరి సాయం లేకుండా చదివి దిద్దుకోగలరు అని చూడాలి. ఆయన బడిలో రాత్రి పదింటికి ఫోన్ ఎత్తే సిస్టమ్ అడ్మిన్ ఎవరూ ఉండరు కదా.


ఓపెన్‌రూటర్ · వరంగల్ · ఆదివారం రాత్రి 10:31

ఇంకా కిందికి దిగొచ్చు. లినక్స్ కమాండ్లు చాలా ఒకే చిన్న ఫైల్లో ఉండే బిజీబాక్స్‌లోనే చిన్న వెబ్ సర్వర్ ఉంటుంది. ఒక్క కమాండ్, పోర్టు నంబరు, ఫోల్డర్ పేరు ఇస్తే చాలు. సీజీఐ (అభ్యర్థన వచ్చినప్పుడల్లా ఒక ప్రోగ్రామ్‌ని లేపే పద్ధతి) కూడా నడుస్తుంది. మా ఇంట్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్ల కోసం చేసిన లినక్స్) వేసిన రూటర్ మీద యూహెచ్‌టీటీపీడీ అనే సర్వర్ ఉంది, రూటర్ సెట్టింగుల పేజీ చూపించేది అదే. మా చెల్లె డిగ్రీ నోట్సు పీడీఎఫ్‌లు పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ రూటర్‌కే పెట్టిన. ఏడాది నుంచి ఒక్కసారి కూడా తిప్పలు పెట్టలేదు. మాస్టారు, మీ రూటర్‌కి యూఎస్‌బీ పోర్టు ఉందా? 64 ఎంబీ ర్యామ్ ఉన్నదైతే ఆశ పెట్టుకోకండి, 128 ఉంటే చూడొచ్చు.


కంట్రోల్‌ప్యానెల్ · బెంగళూరు · ఆదివారం రాత్రి 10:50

మా కంపెనీ పాత పరికరాల్లో బోవా అనే సర్వర్ వాడేవాళ్లం. దానంత చిన్నది నేను చూడలేదు. టీహెచ్‌టీటీపీడీ కూడా మంచిదే. ఇవి ఎందుకు ఎవరూ చెప్పడం లేదు?


రాగిజావ · విశాఖపట్నం · ఆదివారం రాత్రి 11:02

బోవా మాత్రం వద్దండీ. 2005 తర్వాత దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు. కెమెరాల్లో, రూటర్లలో చిప్ కంపెనీలు ఇచ్చే కిట్‌లతో పాటు అది ఇంకా బతుకుతూనే ఉంది, అదే ప్రమాదం. మన దేశ విద్యుత్ గ్రిడ్ మీద జరిగిన చొరబాట్ల గురించి 2022 ఏప్రిల్‌లో ఒక నివేదిక వచ్చింది. అందులోని ఐపీ చిరునామాలను పరిశీలిస్తే చాలాచోట్ల బోవా కనిపించిందని అదే ఏడాది నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ భద్రతా విభాగం రాసింది. చిన్నది కావడం మంచిదే, కానీ తప్పు బయటపడితే దిద్దే మనిషి ఉండాలి. బడిలో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ఫరవాలేదనుకోవద్దు, లైను వచ్చిన రోజు అది కూడా బయటికి కనిపించవచ్చు.


తరగతిగది · కోనసీమ · సోమవారం సాయంత్రం 6:20

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. ప్రీఫోర్క్ గురించి పెళ్లి బంతి పోలిక ఇవాళ స్టాఫ్ రూమ్‌లో తెలుగు మేడం గారికి చెబితే వెంటనే అర్థమైంది.

అడిగినవాటికి జవాబులు: వీడియోలు 60 పైన, పీడీఎఫ్‌లు 200 పైన. ఇవన్నీ అందరికీ ఒకటే. మారేది క్విజ్ మాత్రమే. రూటర్‌కి యూఎస్‌బీ లేదు. వీడియోలు ఒక పాత యూఎస్‌బీ హార్డ్ డిస్కులో ఉన్నాయి.

ఇంకో విషయం కూడా ఉంది. ఎక్కువ మంది వాడనప్పుడు కూడా అప్పుడప్పుడు బోర్డు దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. దీనికీ సర్వర్‌కీ సంబంధం ఉందా?


పాతబోర్డు · హైదరాబాద్ · సోమవారం రాత్రి 9:15

ఉండకపోవచ్చు. అనుమానం కరెంటు మీద. కొత్త పై బోర్డులు వోల్టేజీ పడితే తామే గుర్తుపెట్టుకుంటాయి, ఒక కమాండ్‌తో అడిగితే చెబుతాయి. మీ మొదటి తరం మోడల్ బి కి ఆ సదుపాయం లేదు. కానీ మీరు ఫిజిక్స్ మాస్టారు, ల్యాబ్‌లో మల్టీమీటర్ ఉంటుంది కదా. బోర్డు మీద టీపీ1, టీపీ2 అని రెండు చిన్న చుక్కలు కనిపిస్తాయి. బోర్డు నడుస్తుండగా, హార్డ్ డిస్కు తగిలించి ఉండగా, ఆ రెంటి మధ్య డీసీ వోల్టేజీ చూడండి. 4.75 నుంచి 5.25 లోపల ఉండాలి. ముళ్లు జారి పక్కవాటికి తగలకుండా జాగ్రత్త.

హార్డ్ డిస్కుకి విడిగా కరెంటు ఇచ్చే యూఎస్‌బీ హబ్ ఉంటే అది వాడండి. బోర్డు నుంచే లాగితే ఈ తరం వాటికి మోయడం కష్టం.

ఇక మీ పని చూశాక నా సలహా: వర్డ్‌ప్రెస్, మైఎస్‌క్యూఎల్ తీసేయండి. పాఠాల పేజీలు మామూలు హెచ్‌టీఎంఎల్‌గా ఒక్కసారి రాసి పెట్టుకోండి. సర్వర్ లైటీ. డెబియన్ కుటుంబంలో వేసిన వెంటనే పని మొదలుపెడుతుంది. ఎవరు ఏ పేజీ చూశారన్న లాగ్ మనం అడిగితే తప్ప రాయదు కాబట్టి కార్డు మీద ఆ బరువు కూడా పడదు. మానిటర్ తగిలించరు కనుక గ్రాఫిక్స్ మెమరీ 64 నుంచి 16కి దించండి. 48 ఎంబీ ఊరికే చేతికొస్తుంది.


రాగిజావ · విశాఖపట్నం · సోమవారం రాత్రి 9:48

క్విజ్ గురించి నేను చెబుతాను. ప్రశ్నల పేజీ కూడా మామూలు ఫైలే చేయండి, 38 మంది తెరిచినా సర్వర్‌కి అదొక బొమ్మ లాంటిదే. పిల్లవాడు "పంపు" నొక్కినప్పుడు మాత్రమే పీహెచ్‌పీ లేవాలి. ఎఫ్‌పీఎంలో ఆన్‌డిమాండ్ పద్ధతి పెట్టి, గరిష్ఠంగా ముగ్గురు పనివాళ్లని ఇవ్వండి. మిగతా అభ్యర్థనలు వరుసలో నిలబడతాయి. ఆఖరి పిల్లవాడికి కొన్ని సెకన్లు ఆలస్యం అవుతుంది, అంతే. బోర్డు పడిపోదు.

మార్కులు దాచడానికి ఎస్‌క్యూలైట్ చాలు. అది విడిగా నడిచే సర్వర్ కాదు, ఒక ఫైలు. ఒకేసారి ఇద్దరు రాయబోతే ఒకరు ఆగాలి కాబట్టి, బిజీ టైమౌట్ 5000 మిల్లీసెకన్లు పెట్టడం మరచిపోకండి. అది లేకపోతే రెండోవాడికి వెంటనే "డేటాబేస్ లాక్ అయింది" అని వస్తుంది.

పైథాన్‌తో సీజీఐ రాయాలని ఎవరైనా చెబితే ఈ బోర్డు మీద మాత్రం వద్దనండి. ప్రతి అభ్యర్థనకీ ఇంటర్‌ప్రెటర్ మొదటినుంచీ లేవాలి, 700 మెగాహెర్ట్జ్ మీద అది బాగా తెలిసిపోతుంది.


చలిదేశం · హెల్సింకీ · మంగళవారం తెల్లవారుజామున 1:10

ఇక్కడ మా ఇంట్లో పై 4 మీద క్యాడీ నడుపుతున్నాను. సర్టిఫికెట్ తనే తెచ్చుకుని తనే మార్చుకుంటుంది, బయటి ప్రపంచానికి కనిపించే సైటుకి చాలా సుఖం. కానీ అది గో భాషలో రాసిన పదుల ఎంబీల ఫైలు. ఇంటర్నెట్టే లేని బడిలో దాని గొప్పతనం వాడుకోవడానికి అవకాశం లేదు. మాస్టారికి నేనూ లైటీనే చెబుతాను.

తెలుగు పేజీల విషయంలో మాత్రం ఒక మాట. మన అక్షరాలు యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు. "అమ్మ" అని రాస్తే అ, మ, పొల్లు, మళ్లీ మ కలిపి నాలుగు సంకేతాలు, 12 బైట్లు. ఇంగ్లీషు పేజీ కంటే బరువు సహజంగానే ఎక్కువ. అయితే తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు ఒకటే, రెండో బైటు రెండు రకాల్లో ఏదో ఒకటి. ఇంతగా తిరిగి తిరిగి వచ్చేదాన్ని జీజిప్ (ఫైలుని చిన్నది చేసే పద్ధతి) చాలా బాగా నలుపుతుంది. నేను దాచుకున్న శతకాల పేజీలతో చూశాను, తేడా కళ్లకి కనిపిస్తుంది. లైటీలో డిఫ్లేట్ మాడ్యూల్ వేసి, దానికి ఒక క్యాష్ ఫోల్డర్ చూపించండి. ఒకసారి నలిపింది దాచుకుని మళ్లీ అదే ఇస్తుంది. ప్రతి పిల్లవాడికీ మళ్లీ మళ్లీ నలిపే పని ఆ చిన్న ప్రాసెసర్‌కి ఉండదు. వీడియోలు, పీడీఎఫ్‌లు ఈ జాబితాలో చేర్చకండి, అవి ముందే నలిగినవి.


డిగ్రీ_ఫైనల్ · గుంటూరు · మంగళవారం రాత్రి 7:30

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నా దగ్గర పై జీరో డబ్ల్యూ ఉంది. డెబియన్ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ సిస్టమ్‌లోంచి తెచ్చిన ప్రోగ్రామ్ నడిపితే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ఆగిపోతోంది. బోర్డు పోయిందా అని ఒకటే టెన్షన్. రెండోది, నా ప్రాజెక్ట్ పేజీ ఇంట్లోంచి బయటికి కనిపించాలి. రూటర్లో పోర్టు తెరిచినా రావడం లేదు.


పాతబోర్డు · హైదరాబాద్ · మంగళవారం రాత్రి 8:02

బోర్డుకేం కాలేదు తమ్ముడూ. జీరో డబ్ల్యూలోనూ మాస్టారి మోడల్ బి లోనూ ఉన్నది ఏఆర్‌ఎంవీ6 ప్రాసెసర్. డెబియన్ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ ప్రోగ్రాములు తర్వాతి తరం ఏఆర్‌ఎంవీ7కి తయారైనవి. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ 32 బిట్ వేసి దాని ప్యాకేజీలే వాడు. మాస్టారూ, మీకూ ఇదే వర్తిస్తుంది.

రెండోదానికి రూటర్లో వ్యాన్ ఐపీ (బయటివైపు చిరునామా) చూడు. 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీ ఇల్లు సీజీన్యాట్ వెనక ఉంది, ఒకే చిరునామాను చాలా ఇళ్లు పంచుకుంటున్నాయి. పోర్టు తెరిచి లాభం లేదు. ఐపీవీ6 ఉంటే అటునుంచి ప్రయత్నించు, లేదా టన్నెల్ సేవ వాడుకో. వేరే చర్చ తెరువు, అక్కడ వివరంగా రాస్తాను.


తరగతిగది · కోనసీమ · గురువారం రాత్రి 9:05

మంగళవారం పదో తరగతి వాళ్లని ల్యాబ్‌కి పిలిచి వోల్టేజీ వాళ్లతోనే కొలిపించాను. ఒక అమ్మాయి ముళ్లు పట్టుకుంది, ఇంకో అమ్మాయి అంకె చదివింది. హార్డ్ డిస్కు తిరగనప్పుడు 4.81. డిస్కు తిరగడం మొదలవగానే 4.58కి పడింది. అది చూసి తరగతి మొత్తం "సార్, ఇదే సార్" అన్నారు. ఛార్జర్ అదే ఉంచి, పొడుగు కేబుల్ తీసి మా ఇంటి నుంచి పొట్టి, లావు కేబుల్ తెచ్చి పెడితే 4.79. తీగ నిరోధం పాఠం ఆ రోజే అక్కడే చెప్పేశాను. ఒక టీచర్ గారు హబ్ ఇచ్చారు, డిస్కుని దానికి మార్చాక 4.93 దగ్గర నిలబడింది. రెండు రోజులుగా రీస్టార్ట్ లేదు.

కొత్త కార్డులో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్ వేసి, లైటీ పెట్టాను. దానికి ముందు ఒక పొరపాటు చేశాను. ఊరికే చూద్దామని పైథాన్‌లో ఒక్క లైనుతో లేచే సర్వర్ నడిపి వీడియో పెట్టాను. ట్యాబుల్లో ఆడింది గానీ మధ్యలోకి జరిపితే కదల్లేదు. హెడ్మాస్టర్ గారి ఐఫోన్లో అసలు మొదలే కాలేదు. లైటీ వేశాక రెండూ సరిపోయాయి. ఎందుకో తెలుసుకోవాలనుంది.

మిగిలిన ఇబ్బందులు రెండు. కొన్ని వీడియోలు మొత్తం దిగితే గానీ మొదలవడం లేదు. తెలుగులో రాసిన టెక్స్ట్ ఫైళ్లు తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి.


ఓపెన్‌రూటర్ · వరంగల్ · గురువారం రాత్రి 9:33

వోల్టేజీ కథ చదివి చాలా సంతోషమైంది సార్. మా బడిలో ఇట్ల చూపించి ఉంటే ఎంత మంచిగుండేదో.

పైథాన్ సంగతి: వీడియోను జరిపినప్పుడు బ్రౌజర్ "ఈ బైటు నుంచి ఈ బైటు దాకా ఇవ్వు" అని అడుగుతుంది, దాన్ని రేంజ్ రిక్వెస్ట్ అంటారు. పైథాన్‌తో వచ్చే ఆ చిన్న సర్వర్‌కి అది రాదు, మొత్తం ఫైలు మొదటినుంచీ పంపిస్తుంది. ఐఫోన్ సఫారీ రేంజ్ లేకుంటే వీడియో ఆడనే ఆడదు. లైటీ, ఇంజిన్ఎక్స్ రెండింటిలో ఇది ముందే ఉంటుంది. నేను చెప్పిన బిజీబాక్స్‌లో తయారుచేసేటప్పుడు ఆ ఐచ్ఛికం పెట్టారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. వీడియోలు ఉన్నాయని మీరు ముందే చెప్పినా నేను గమనించలేదు, మీకు లైటీయే సరైంది.

మొత్తం దిగితే గానీ మొదలవని వీడియోలకి కారణం వేరు. ఎంపీ4 ఫైల్లో ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే పట్టిక కొన్నిసార్లు చివర్లో ఉంటుంది. ఎఫ్‌ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాధనంలో ఫాస్ట్‌స్టార్ట్ అనే జెండా పెట్టి కాపీ చేస్తే పట్టిక ముందుకొస్తుంది. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు. ఈ పని ల్యాప్‌టాప్ మీద చేయండి, పై మీద వద్దు.


చలిదేశం · హెల్సింకీ · గురువారం రాత్రి 11:20

పిచ్చి గుర్తుల సంగతి నాది. సర్వర్ ఆ ఫైలు పంపేటప్పుడు ఏ లిపి సంకేతమో చెప్పడం లేదు, బ్రౌజర్ పాత పాశ్చాత్య సంకేతం అనుకుని మన మూడు బైట్లని మూడు వేర్వేరు గుర్తులుగా చూపిస్తోంది. లైటీ కాన్ఫిగ్‌లో ఏ ఫైలు ఏ రకమో చెప్పే మైమ్ రకాలు రాసే చోట టెక్స్ట్ ఫైళ్ల పక్కన క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని చేర్చండి. ఫోల్డర్ జాబితా చూపించే మాడ్యూల్‌కీ ఎన్‌కోడింగ్ విడిగా ఇవ్వవచ్చు. హెచ్‌టీఎంఎల్ పేజీల్లో మెటా ట్యాగు మీరు పెట్టే ఉంటారు, అందుకే అవి బాగున్నాయి.

ఫైళ్లకి తెలుగు పేర్లు పెడితే ఒకటి గుర్తుంచుకోండి. లినక్స్‌లో పేరు పొడవు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో అది 85 సంకేతాలే, గుణింతాలూ వత్తులూ కలిపి. పాఠం పేరు మొత్తం ఫైలు పేరుగా పెడితే తొందరగా అయిపోతుంది.


రాగిజావ · విశాఖపట్నం · శుక్రవారం ఉదయం 7:40

రేపు క్విజ్ కదా మాస్టారూ. ఇవాళ సాయంత్రం పిల్లలు వెళ్లాక ఏబీ అనే అపాచీ వాళ్ల పరీక్ష సాధనంతో 38 మంది ఒకేసారి తట్టినట్టు చూడండి. ల్యాప్‌టాప్ నుంచే చేయాలి. అదే బోర్డు మీద నడిపితే పరీక్ష పెట్టేవాడూ రాసేవాడూ ఒకే ప్రాసెసర్ కోసం కొట్టుకుంటారు, అంకెలు నమ్మలేం.

వీడియోలకి మాత్రం అందరినీ ఒకేసారి తెరవమనకండి. 480పీ వీడియో సెకనుకి 700 కిలోబిట్లు అనుకున్నా 38 మందికి దాదాపు 27 మెగాబిట్లు. బోర్డు 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ దాన్ని మోయవచ్చు, కానీ 2.4 గిగాహెర్ట్జ్ రూటర్ ఒకటే ఒక గది నిండా ట్యాబులతో ఇబ్బంది పడుతుంది. ఇద్దరికి ఒక ట్యాబు ఇవ్వండి.

ఇంకొకటి. ఈ బోర్డులో గడియారం లేదు. ఇంటర్నెట్ లేనప్పుడు ఆపి మళ్లీ పెడితే, ఆపిన సమయం నుంచే లెక్క మొదలుపెడుతుంది. మార్కుల పక్కన తేదీ తప్పు పడుతుంది. క్విజ్ ముందు చేత్తో సరిచేయండి. డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్ దొరికితే ఆ బాధ పోతుంది.


తరగతిగది · కోనసీమ · శనివారం మధ్యాహ్నం 3:15

క్విజ్ అయింది. 38 మందీ రాశారు.

పచ్చ లైటు "పంపు" నొక్కినప్పుడల్లా ఒకసారి మెరిసి ఆగింది. నేను పక్కన ల్యాప్‌టాప్‌లో, మెమరీ వాడకం చూపించే టాప్ అనే కమాండ్ తెరిచి చూస్తూనే ఉన్నాను. లైటీ 5 ఎంబీ దాటలేదు, స్వాప్ సున్నా. అందరూ గంట కొట్టగానే ఒకేసారి పంపారు, ఆఖరి ముగ్గురికి తొమ్మిది సెకన్లు పట్టింది. ముందే చెప్పాను కాబట్టి ఎవరూ మళ్లీ నొక్కలేదు.

ఇద్దరి ఫోన్లలో మాత్రం పేజీ రాలేదు. ట్యాబులు చాలక సొంత ఫోన్లు తెచ్చుకున్నవాళ్లు వాళ్లు.


ఓపెన్‌రూటర్ · వరంగల్ · శనివారం మధ్యాహ్నం 3:40

ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదని తెలిసి ఆ ఫోన్లు మొబైల్ డేటాకి మారిపోయి ఉంటాయి. మీ 192.168తో మొదలయ్యే చిరునామా అక్కడ దొరకదు. "ఇంటర్నెట్ లేదు, అయినా కనెక్ట్ అయి ఉండాలా" అని ఫోన్ అడిగినప్పుడు అవును అనమనండి, లేదంటే ఆ గంటసేపు డేటా ఆపమనండి.


పాతబోర్డు · హైదరాబాద్ · శనివారం మధ్యాహ్నం 3:52

మాస్టారూ, చాలా సంతోషం. మార్కుల ఫైలు ఇవాళే ఇంకోచోటికి తీయండి. సర్వర్ నడుస్తుండగా ఫైలుని మామూలుగా కాపీ కొట్టకండి, సగం రాసిన స్థితిలో దొరకవచ్చు. ఎస్‌క్యూలైట్ తెరిచి దాని బ్యాకప్ కమాండ్‌తోనే తీయండి. తర్వాత బోర్డుని షట్‌డౌన్ కమాండ్‌తో ఆపి, పచ్చ లైటు పూర్తిగా ఆరాక ప్లగ్గు తీయండి.


తరగతిగది · కోనసీమ · శనివారం సాయంత్రం 5:30

బ్యాకప్ కమాండ్‌తోనే తీసి, పెన్‌డ్రైవ్‌ని ల్యాప్‌టాప్‌లో పెట్టి తెరిచి చూశాను. 38 వరుసలు ఉన్నాయి, తేదీ సరిగ్గా ఉంది. పోయిన వారం పదికి పది వచ్చినవాళ్లలో ఇద్దరికి ఇవాళ కూడా పదికి పది. ప్రింటు తీశాను, సోమవారం ప్రార్థన అయ్యాక నోటీసు బోర్డుకి వాళ్ల చేతే అంటింపిస్తాను.